ఉన్నాలే

చలికాలం పొగమంచులో నీటి గట్టు మీద నడిచేవాళ్ళకి ఒక సౌకర్యం ఉంది. పక్కవాళ్ళ మొహం సరిగ్గా కనపడదు కాబట్టి ఎవరి గురించి ఏమన్నా అనుకోవచ్చు. ఆ సౌకర్యాన్ని ఆ నలుగురు ఆడవాళ్ళూ ఏళ్ళ తరబడి పూర్తిగా వాడుకున్నారు. ఈ చలికాలం మాత్రం ముగ్గురే వాడుకుంటున్నారు.

అందరికంటే ముందు గంట నడుస్తుంది. ఆడపిల్లల బడిలో హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరైంది గానీ, బడి ఆవిడలోంచి రిటైరవలేదు. ఆవిడ వెనక సూది. ఆస్పత్రిలో నర్సుగా పనిచేసిన మనిషి, ఇప్పటికీ ఎవరి చెయ్యి పట్టుకున్నా నాడి కోసం వెతుకుతుంది. సూది వెనక మూత. మూత ఏ ఉద్యోగమూ చెయ్యలేదు. డిగ్రీ ప్యాసై, ఆ కాగితాన్ని బీరువాలో దుప్పట్ల కింద పెట్టి, ఆ తర్వాత దుప్పట్లు మాత్రమే బయటికి తీసింది. ఎవరేం చెప్పినా కడుపులో పెట్టుకుంటుంది, పైకి పొంగనివ్వదు. అందుకని మూత.

ఈ పేర్లన్నీ పెట్టింది వెనకాల నడిచే నాలుగో మనిషి. ఆవిడకి బట్టలు కుట్టే షాపుంది. ఆవిడకి కత్తెర అని ఈ ముగ్గురూ కలిసి పేరు పెట్టారు, షాపు చూసి కాదు, నోరు చూసి. గట్టు మీద పేర్లు గట్టు మీదే ఉండాలి, ఇళ్ళకి వెళ్ళకూడదని ఒప్పందం. నలుగురూ ఒట్టేసినంత గట్టిగా అనుకున్నారు.

నడకలో ఆగకూడదన్నది గంట పెట్టిన రూలు. ఆగితే ఒళ్ళు చల్లబడుతుందట. కత్తెరకి మాత్రం లాంచీవాడు కనపడితే లాంచీ సంగతి, కుక్కని తిప్పేవాళ్ళు కనపడితే కుక్క సంగతి అడక్కపోతే తోచదు. అందుకని ప్రతి మలుపు దగ్గరా మూత వెనక్కి తిరిగి, "ఉన్నావా?" అని కేకేసేది. మంచులోంచి, "ఉన్నాలే! ఎక్కడికి పోతా!" అని వచ్చేది. ఆ 'లే'ని కాస్త సాగదీసేది కత్తెర. అందులో విసుగూ ఉండేది, ముద్దూ ఉండేది, నీ గోల నువ్వు చూసుకో అన్నదీ ఉండేది.

ఈ చలికాలం మొదట్లో ఒకరోజు లాంచీ మెట్ల మలుపులో మూత పిలిస్తే జవాబు రాలేదు. ఎవరితోనో మాట్లాడుతోందనుకున్నారు. రూలు ప్రకారం ఆగకుండా గట్టు చివరిదాకా వెళ్ళి, తిరిగొచ్చేసరికి కత్తెర మెట్ల పక్క బల్ల మీద కూర్చునుంది. చేతులు ఒళ్ళో ఉన్నాయి, నోరు కొంచెం తెరుచుకుని ఉంది. మాట మొదలెట్టబోతున్న మొహం. సూది చెయ్యి పట్టుకుని చూసి, పట్టుకునే ఉండిపోయింది. ఆ తర్వాత ఏదో ఒకటి అనాలి కాబట్టి, "శాలువా కూడా లేదే మనిషికి," అంది.

ఆ మాటని ఎవరూ కింద పడనివ్వలేదు.

*

"ఇంత చలిలో అత్తగారిని శాలువా లేకుండా పంపిందంటే, ఆ కోడలిది గుండెనాలా, బండరాయనాలా?" అంది గంట, నెల గడిచాక ఆ పొద్దున కూడా. ఈ వాక్యంతోనే రోజూ నడక మొదలవుతోంది, ప్రార్థనతో బడి మొదలైనట్టు.

"పోయింది గుండె ఆగి కదా అక్కా," అంది సూది, వెనక్కి చూడకుండా.

"చలికే ఆగింది."

"చలికి ఆగితే ఈ ఊళ్ళో సగంమంది..."

"నువ్వు డాక్టరువా?"

సూది తన మోకాళ్ళ సంగతి చూసుకుంటూ నడిచింది. ముప్ఫయ్యేళ్ళు ఆస్పత్రిలో విన్న ప్రశ్న అది, జవాబు అక్కడా దొరకలేదు.

మూత ఊఁ కొట్టింది. కోడలి గురించి మూతకి సొంతంగా తెలిసింది ఏమీ లేదు. తెలిసిందంతా కత్తెర చెప్పిందే. మా మహారాణి లేచేసరికి సూర్యుడికి విసుగొస్తుంది, మా మహారాణి కాజా కుడితే గుండీ దూరదు, దూరితే రాదు. కత్తెర కబుర్లలో సగం కోడలే. ఆవిడ పోయాక ఆ కబుర్లు గంట నోట వాళ్ళుండే అపార్టుమెంటులోకి వెళ్ళాయి, శాలువాతో కలిపి. అక్కడినుంచి గోరంతలు కొండంతలై పక్క వీధి దాకా వెళ్ళాయి. ఇప్పుడు ఎవరూ ఆ షాపులో బట్టలివ్వడం లేదు. అత్తని చలికి వదిలేసిన చేత్తో కుట్టిన బట్టలు పిల్లలకి ఎలా తొడుగుతామండీ, అని ఒకావిడ అపార్టుమెంటు మెట్ల మీద నిలబడి మరీ అడిగింది. మూత దానికీ ఊఁ కొట్టింది. వాళ్ళాయన కోటు జిప్పు పాడైపోయి, ఏ షాపుకీ వెళ్ళక, కుర్చీకి వేలాడుతోంది.

లాంచీ మెట్ల మలుపు వచ్చింది. బల్ల ఖాళీగా ఉంది. ముగ్గురూ దాన్ని చూడకుండా ఉండటానికి నీళ్ళని చూశారు. నీళ్ళు కనపడటం లేదు, మెట్లకి తగిలే చప్పుడే వస్తోంది. ఎవరో లోపలినుంచి తలుపు తట్టీ తట్టనట్టు.

ఎందుకు చేసిందో మూతకే తెలీదు. మెడ దానంతటదే తిరిగింది, నోరు దానంతటదే తెరుచుకుంది.

"ఉన్నావా?"

అని నాలిక కరుచుకుంది. అప్పుడు వెనకనుంచి, మంచులోంచి, అంత దూరమూ కాకుండా, అంత దగ్గరా కాకుండా వచ్చింది.

"ఉన్నాలే."

'లే' కొంచెం సాగింది.

సూది ఆగలేదు. ఆగకపోగా పరుగు లాంటిది అందుకుంది. మోకాళ్ళ నొప్పులని నెలరోజులుగా ఏడుస్తున్న మనిషి గంటని దాటి వెళ్ళిపోయింది. గంట మాత్రం క్షణం బిగుసుకుని, "ఏంటి? ఏమైంది? నాకేం వినపడలేదు," అంది.

వినపడిందా అని ఎవరూ అడగలేదు.

*

"చెవులు చూపించుకో," అన్నాడు మూత వాళ్ళాయన, పేపరు దించకుండా.

"సూది కూడా విందండీ."

"అయితే ఇద్దరూ వెళ్ళండి. ఒకే ఆటో."

మర్నాడు గట్టు మీద ముగ్గురూ ఒకరి మోచెయ్యి ఒకరికి తగిలేలా నడిచారు. మూత పిలవలేదు. పిలవకపోయినా వెనక అడుగులు ఉన్నాయి. మెత్తటి చెప్పుల అడుగులు. వీళ్ళు నెమ్మదిస్తే అవీ నెమ్మదిస్తున్నాయి. కత్తెర అడుగులు అలా ఉండేవి కావు, ఆవిడ ఎడంకాలు ఈడ్చేది. అయినా పోయినవాళ్ళకి కాలునొప్పి ఉంటుందా ఏంటి, అనుకుంది మూత. అనుకుని తనని తనే తిట్టుకుంది.

"ఆత్మకి ఏదో కావాలి," అంది సూది గొంతు తగ్గించి. ముప్ఫయ్యేళ్ళ వైద్యశాస్త్రం ఆ మంచులో ఎటో కొట్టుకుపోయింది. "చలికి పోయింది కదా. శాలువా కోసం తిరుగుతోందేమో. అసలా శాలువా ఎవరి దగ్గరుందో!"

గంట చెయ్యి చటుక్కున పైకి లేచి, కోటు మీదనుంచి భుజాన్ని తడుముకుంది. వెంటనే దిగిపోయి జేబులో దూరింది.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడని మూత చిన్నప్పటినుంచీ వింటోంది. కళ్ళతో చూడటం ఇదే మొదటిసారి. చూశానా, మంచులో అలా కనపడిందా అనుకుంటూ ఇంటిదాకా వచ్చింది. గంట దారంతా దగ్గుతూనే ఉంది.

*

ఆ తర్వాతి రోజు గంట నడకకి రాలేదు. బడిలో పనిచేసినన్నాళ్ళూ ఒక్క సెలవు పెట్టలేదని చెప్పుకునే మనిషి రాకపోయేసరికి సూది దగ్గుమందు సీసా ఇచ్చి మూతని పంపింది. "నేను వెళ్తే నువ్వు డాక్టరువా అంటుంది. నువ్వెళ్ళు."

గంట ఒక్కతే ఉంటుంది. తలుపు గడియ వెయ్యలేదు. మూత నెట్టుకుని లోపలికి వెళ్ళేసరికి గంట కిటికీ పక్క కుర్చీలో కూర్చునుంది, ఎదురుగా ఇంకో కుర్చీ వేసుకుని. ఆ ఎదుటి కుర్చీ వీపుకి శాలువా కప్పి ఉంది. గోధుమరంగు శాలువా. అంచు చుట్టూ ఆకుపచ్చ దారంతో గొలుసుకుట్టు, చివర్న జానెడు మేర మాత్రం నీలం దారం. దారం అయిపోయింది కాబోలు, మా మహారాణి పొదుపు చూడండే అని కత్తెర ఆ నీలం ముక్కని గట్టు మీద అందరికీ చూపించి నవ్వింది కిందటి చలికాలం.

గంట ముందు టీ కప్పుంది. శాలువా ముందు కూడా ఒక కప్పుంది, మీగడ కట్టి.

మూత సీసాని బల్ల మీద పెట్టింది. చప్పుడు కాకూడదనుకుంటే ఎక్కువే అయింది.

"నేను తీసుకోలేదు," అంది గంట. "అదే ఇచ్చింది. బయల్దేరిన కాసేపటికి నాకు దగ్గొచ్చింది. మీరిద్దరూ ముందు నడుస్తున్నారు ఆ రోజు. నా మెడకి చుట్టేసి, నాకు చలేంటే, నా నోరు చాలదూ వేడికి, అంది. నేను కోటు పైన వేసుకుని ముందుకెళ్ళిపోయా. రూలు కదా."

మూత నిలబడే ఉంది.

"సూది అంది కదా అక్కడ, శాలువా కూడా లేదే అని. అప్పుడు నా కోటు కింద ఉంది. చెబుదామనే అనుకున్నా. నోరు పెగల్లేదు. తర్వాత పెగిలింది గానీ," గంట దగ్గింది, "వేరే మాట వచ్చింది."

"ఆ పిల్ల షాపుకి ఎవరూ వెళ్ళడం లేదక్కా."

"తెలుసు."

"సూది చెప్పింది కదా, గుండె ఆగడానికీ శాలువాకీ..."

"నాకూ తెలుసే! తెలిస్తే సరిపోతుందా? రాత్రి పడుకుంటే నా మెడ చుట్టూ వెచ్చగా ఉంటుంది. కప్పుకోకపోయినా." గంట చూపు కుర్చీ మీదనుంచి కదల్లేదు. తర్వాత పాత గొంతు తెచ్చుకుని, వెనక బెంచీ దాకా వినపడే గొంతు, అంది. "ఇలా చూడు. నిన్ను మూత అనేది ఊరికే కాదు. ఆ పేరు నిలబెట్టుకో."

మూత అలవాటుకొద్దీ ఊఁ అనబోయింది. 'ఊ' దాకా వచ్చి ఆగిపోయింది.

*

కోటు పట్టుకుని మూత ఆ సాయంత్రమే షాపుకి వెళ్ళింది. అద్దం మీద లోపలినుంచి కాగితం అతికించి ఉంది. షాపు ఖాళీ చేస్తున్నాము, కుట్టడానికి ఇచ్చినవి తీసుకెళ్ళండి. తీసుకెళ్ళడానికి లోపల పెద్దగా ఏమీ లేవు. కత్తిరింపుల బల్ల తుడిచి ఉంది. దాని మీద పెద్ద కత్తెర, నోరు మూసి, నూనె రాసి పెట్టి ఉంది. వెనక కర్టెను అవతల మిషను నడుస్తోంది.

"ఎవరండీ?" అంది మూత. మిషను చప్పుడుకి వినపడలేదు. ఇంకొంచెం గట్టిగా, "అమ్మాయ్, ఉన్నావా?"

"ఉన్నాలే!"

మూత బల్ల అంచు పట్టుకుంది.

మిషను ఆగింది. కర్టెను తొలగింది. నోట్లో గుండుసూదులు, మెళ్ళో టేపు, ముప్ఫై దాటిన మనిషి. గుండుసూదులు తీసి మణికట్టుకి కట్టుకున్న మెత్తకి గుచ్చుతూ, "అయ్యో, మీరా పిన్నిగారూ! ఆ పిలుపు వింటే నోట్లోంచి అదే వచ్చేస్తుంది. ఏమనుకోకండి," అంది.

మూత ఏమనుకోవాలో ఇంకా తేల్చుకోలేదు. కోటు ముందుకి చాపింది. కోడలు జిప్పుని పైకీ కిందికీ లాగి చూసింది. "మార్చక్కర్లేదు. పళ్ళు బాగానే ఉన్నాయి, లాగే రన్నరే వదులైంది." పటకారు తీసి రన్నరుకి ఇటొకసారి, అటొకసారి మెల్లిగా నొక్కింది. కొవ్వొత్తి ముక్కతో పళ్ళ మీద పైనుంచి కిందికి రుద్దింది. జిప్పు సర్రున మూసుకుంది. ఆ చేతికి కాజా కుట్టడం రాదంటే మూత నమ్మలేకపోయింది.

"పొద్దున్నే మా వెనక నడిచేది నువ్వేనా?"

కోడలు జిప్పు తెరిచింది, మూసింది. "ఆ టైముకి అత్తయ్యకి టీ పెట్టే అలవాటండీ. ఇప్పుడూ పెట్టేస్తున్నా, తాగేవాళ్ళు లేరు. మా ఆయన ఓడ మీదనుంచి రావడానికి ఇంకా టైముంది. ఇంట్లో చప్పుడు లేదు. నడుద్దామని వచ్చా. ముందు మీరు కనిపించారు. దాటి వెళ్ళడానికి మొహం చెల్లలేదు. మొన్న మీరు పిలిచారు. ఎవరూ పలకలేదు. అలా వదిలెయ్యడం నావల్ల కాలేదు."

"ఆవిడ అచ్చం అలాగే అనేది."

"ఎవరు, అత్తయ్యా?" కోడలు తలెత్తింది. "ఆ మాట నాదండీ. కొత్తగా వచ్చినప్పుడు నేను వెనక మిషను మీద, ఆవిడ ముందు బల్ల దగ్గర. రెండు నిమిషాలకోసారి ఉన్నావా, ఉన్నావా అని అరిచేది. నిద్రపోయాననో, మా అమ్మ దగ్గరికి పారిపోయాననో. ఒకరోజు ఒళ్ళు మండి, ఉన్నాలే, ఎక్కడికి పోతా అన్నా. చేతిలో కత్తెరతోనే కర్టెను లాగి నిలబడింది. అయిపోయాననుకున్నా. నవ్వింది. ఎంత నవ్విందంటే గుడ్డ వంకరగా కత్తిరించేసింది." మణికట్టు మెత్త సర్దుకుంది. "మీ దగ్గర వాడేదా? నాకు చెప్పనే లేదు, దొంగ."

మూత ఆ కర్టెను వంక చూసింది. కత్తెర పోయిందని బాధపడుతూ ఇన్నాళ్ళూ చెవుల్లో దాచుకున్న గొంతు ఈ పిల్లదన్నమాట.

"మా గురించి ఏమైనా చెప్పేదా?"

"ఏమైనానా! మీ పేర్లన్నీ మేమిద్దరం కూర్చుని పెట్టినవే. గంట పిన్నిగారు నాదే. సూది కూడా."

గట్టు మీద ఒప్పందం అలా ముక్కలైంది. మూత అడక్కుండా ఉండలేకపోయింది. "మూత?"

"అది అత్తయ్యే." కోడలు కొంచెం మొహమాటపడింది. "నేను కుక్కరు అన్నా."

"ఎందుకు?"

"ఎప్పుడో ఒకరోజు విజిల్ వేస్తారని."

మూత నవ్వబోయింది. నవ్వు రాకుండా కళ్ళు మసకేశాయి. కోటు తీసుకుని గుమ్మం దాకా వెళ్ళి, అక్కడ ఆగి, "అమ్మాయ్, ఆ శాలువా," అంది.

"గంట పిన్నిగారి దగ్గరుంది." మాట మామూలుగానే ఉంది. "ఆ రోజు ఇంటికొచ్చారు కదా. కోటు కిందనుంచి అంచు కనపడింది. ఆ నీలం దారం నేను కాకపోతే ఎవరు వేస్తారు? పాపం ఏడుస్తూ దాంతోనే ముక్కు తుడుచుకున్నారు."

"మరి చెప్పలేదేం ఎవరికీ? నిన్ను ఇన్ని మాటలంటుంటే!"

కోడలు కత్తెర మీద లేని దుమ్ముని తుడిచింది. "అత్తయ్య ఇచ్చింది ఆవిడకి. ఇచ్చింది నేనెలా అడుగుతా? అడిగితే ఆవిడ మళ్ళీ ఆ గట్టు మీద నడవగలదా?"

మిషను మీద సగం కుట్టినది ఏంటో మూతకి అప్పుడు కనపడింది. దిండు గలీబు. ఎవరూ ఇవ్వకపోతే ఇంట్లోవే కుట్టుకుంటోంది, మిషను చప్పుడు ఆగకుండా.

"రేపు వెనక నడవకు," అంది మూత. "నా పక్కన నడు."

*

మర్నాడు మంచు ఇంకా చిక్కగా ఉంది. గంట వచ్చింది, కోటు మెడదాకా బిగించుకుని. మూత పక్కన ఉన్న మనిషిని చూసింది. ప్రార్థన వాక్యం కూడా అనలేదు. గిరుక్కున తిరిగి నడక మొదలెట్టింది, ఎంత వేగంగా అంటే కాసేపట్లో దగ్గు తప్ప మనిషి లేదు. తర్వాత దగ్గూ లేదు. సూది మధ్యలో నడుస్తూ ముందుకీ వెనక్కీ చూస్తోంది. ఊరంతా తిడుతున్న కోడల్ని మూత పక్కన నడిపించుకొస్తోందేమిటో ఆవిడకి అర్థం కాలేదు.

లాంచీ మెట్ల దగ్గర టీ బండి చుట్టూ అపార్టుమెంటు ఆడవాళ్ళున్నారు. మెట్ల మీద నిలబడి అడిగినావిడ కూడా ఉంది. కోడల్ని చూడగానే కప్పులు నోళ్ళ దగ్గర ఆగాయి.

మూత బల్ల పక్కన ఆగింది. గట్టు మీద అడుగుపెట్టిన ఇన్నేళ్ళలో నడక మధ్యలో తనంతట తను ఆగడం అదే మొదటిసారి. ఒళ్ళు చల్లబడలేదు.

"నడవ్వే," అంది సూది.

మూత ముందుకి, మంచులోకి చూసింది. ఇన్నాళ్ళూ పిలుపు వెనక్కే వెళ్ళింది. ముందు నడిచే మనిషిని ఉన్నావా అని ఎవరూ అడగలేదు. గంట ఉంటుందని అందరికీ తెలుసు కదా.

"గంటక్కా! ఉన్నావా?"

నీళ్ళు మెట్లకి తగిలాయి. ఇంకేం లేదు.

"అరవకే, అందరూ చూస్తున్నారు."

"చూడనీ. గంటక్కా! ఉన్నావా?"

ఏమీ రాలేదు. ఆ రోజూ ఇలాగే, ఇక్కడే, ఇంతే నిశ్శబ్దంగా ఉంది. కోడలు బల్ల వంక చూసి చూపు తిప్పుకుంది. మూత గుండెనిండా గాలి పీల్చుకుంది. బయటికొచ్చిన గొంతు తనదేనా అని తనకే అనుమానం వచ్చింది.

"ఉన్నావా, లేకపోతే నన్నే చెప్పెయ్యమంటావా?"

చాలాసేపటికి దగ్గు వినపడింది. దాని వెనక అడుగులు. గంట మంచులోంచి ముందు కోటుగా, తర్వాత మొహంగా బయటికొచ్చింది. వస్తూనే టీ బండి వైపు తిరిగి, అల్లరి చేసిన క్లాసుని చూసినట్టు చూసింది. కోటు గుండీలు విప్పింది. పైది రాలేదు. కోడలు చెయ్యి ముందుకొచ్చి ఆగిపోయింది. గంట ఆ గుండీని పీకినంత పని చేసి, లోపలినుంచి శాలువా తీసింది.

"అంచు ఊడింది," అంది కోడలితో. కసిరినట్టే ఉంది. "ఆ నీలం దగ్గర. కుట్టి పెట్టు." తర్వాత ఆ వెనక బెంచీ గొంతు, ఎవరికేసీ చూడకుండా, మెట్లు దాటి నీళ్ళ మీదికి వెళ్ళింది. "మీ అత్తగారు నాకిచ్చింది, ఆ రోజు. నాకు దగ్గని. నువ్వు కప్పి పంపావు, అది విప్పి నాకు ఇచ్చింది. విన్నారా? అందరికీ వినపడిందా?"

మెట్ల మీద అడిగినావిడ చల్లారిపోయిన టీని ఊదుకుంది.

కోడలు శాలువాని రెండు చేతుల్లోకి తీసుకుని అంచు వెతికింది. ఊడిన చోటు ఎక్కడా లేదు. అయినా ఉన్నట్టే వేలితో రెండుసార్లు తడిమింది.

"ఎప్పటికి కావాలండీ?"

"తొందరేం లేదు," అంది గంట. ఇప్పుడు గొంతు పక్కనున్నవాళ్ళకే వినపడింది. "షాపు... ఉంటుందిగా?"

కోడలు శాలువాని విప్పి, విదిలించి, గంట మెడకి చుట్టింది. చలికి చివర్లు లోపలికి దోపింది, చిన్నపిల్లకి దోపినట్టు.

"ఉంటుందిలే," అంది.

ఆ 'లే' వినగానే సూదికి అర్థమైంది, మొన్న మంచులో పలికిందెవరో. గబుక్కున కోడలి మణికట్టు పట్టుకుంది, దయ్యానికి నాడి ఉందో లేదో చూడటానికి. ఉంది. కాస్త వేగంగా ఉంది, అంతే.

వెనక్కి నడుస్తున్నప్పుడు గంట ముందుకి పోలేదు. పోలేక కాదు, దగ్గు నెపం పెట్టుకుంది. మూతా కోడలూ వెనకపడ్డారు. మలుపు రాగానే మూత మెడ దానంతటదే తిరిగింది.

"ఉన్నావా?"

అన్నాక గుర్తొచ్చింది, వెనక ఎవరూ లేరని. పలకాల్సిన మనిషి పక్కనే ఉంది. ఆ మనిషి నోరు తెరిచింది.

"పలకనా, పిన్నిగారూ?"

"వద్దులే," అంది మూత. "కాసేపు విందాం."

ఇద్దరూ ఆగారు. మంచు వాళ్ళ వెనక మూసుకుంది. లాంచీ మెట్ల వైపునుంచి నీళ్ళ చప్పుడు వస్తోంది, తట్టీ తట్టనట్టు.